72 మేళకర్తలు, 88 మెట్లు, ఒక మాంచెస్టర్ మనిషి

పియానో అంటే నాకు మొన్నటిదాకా రెండే రకాలు. ఒకటి, సినిమాలో హీరోకి పాత ప్రేమ గుర్తొచ్చినప్పుడు వచ్చేది. రెండోది, పరీక్షల ముందు చదువుకుంటూ పెట్టుకునే మెత్తటి ప్లేలిస్ట్. ఆ రెండో రకం ప్లేలిస్టే ఒక రాత్రి దారి తప్పింది. నేను డేటాబేసెస్ నోట్స్ తిరగేస్తుంటే, చెవిలో ఏదో తేడాగా వినిపించింది. వాయించేది పియానోనే, పద్ధతి కూడా వెస్టర్నే. కానీ ఆ స్వరాలు మాత్రం ఎక్కడో చిన్నప్పుడు విన్నట్టున్నాయి. స పక్కనే రి, ఆ తర్వాత ఒక పెద్ద గంతు. ఇలాంటి గంతులు నాకు తెలిసింది ఒక్కచోటే, అమ్మమ్మ దగ్గర చాప మీద కూర్చుని సరళీ వరసలు పాడిన రోజుల్లో.

ఫోన్ తీసి చూస్తే పేరు జాన్ ఫౌల్డ్స్. రచన పేరు 'ఎస్సేస్ ఇన్ ద మోడ్స్'. మోడ్ అంటే స్వరాల వరస. ఇంకొంచెం వెతికితే తెలిసిందేంటంటే, ఈ ఇంగ్లిష్ ఆయన ఆ వరసల్ని మన దక్షిణాది 72 మేళకర్తల పట్టిక ఆధారంగా ఎంచుకున్నాడట! ఆ రాత్రి డేటాబేసెస్ అక్కడితో సరి.

మన క్లబ్‌లో ఎవరూ ఈయన పేరు విని ఉండరని ధైర్యంగా చెప్పగలను. ఇంగ్లండ్‌లోనే చాలాకాలం ఎవరికీ తెలియదు మరి. అందుకే ఈ వ్యాసం.

ముందు మనిషి సంగతి

జాన్ ఫౌల్డ్స్ 1880లో మాంచెస్టర్‌లో పుట్టాడు. నాన్న అక్కడి హాలే ఆర్కెస్ట్రాలో బసూన్ వాయించేవాడు. కొడుకు 1900లో అదే ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిద్యకారుడిగా చేరాడు. స్వరరచన మాత్రం చాలావరకు సొంతంగా నేర్చుకున్నాడు. 'కెల్టిక్ సూట్' లాంటి తేలికపాటి రచనలతో పేరొచ్చింది. ఆ పేరే తర్వాత తలనొప్పయింది. పెద్ద రచనలు ఎన్ని చేసినా రేడియోలో వేసేది ఆ చిన్న ముక్కలే. ఇదెంత బాధగా ఉందో చెబుతూ 1930లలో బీబీసీకి ఉత్తరం కూడా రాశాడు.

1915లో ఆయనకి మాడ్ మెకార్తీ పరిచయమైంది. ఐర్లండ్‌లో పుట్టిన వయొలిన్ విద్వాంసురాలు, చిన్నతనంలోనే కచేరీలు చేసిన బాల మేధావి. చేతి నరాల జబ్బుతో వయొలిన్ వదులుకోవాల్సి వచ్చింది. 1907 ప్రాంతంలో అనీబిసెంట్‌తో పాటు భారతదేశం వచ్చి, ఇక్కడి సంగీతం నేర్చుకుని, తిరిగి వెళ్లి లండన్‌లో దాని గురించి ఉపన్యాసాలిచ్చింది. ఉపన్యాసమంటే మాటలే కాదు, స్వయంగా పాడి చూపించేది. ఫౌల్డ్స్‌కి మన సంగీతం వచ్చిన దారి ఈమే. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన వాళ్ల కోసం ఫౌల్డ్స్ 'ఎ వరల్డ్ రెక్వియమ్' అనే భారీ రచన చేశాడు. 1923 నవంబర్ 11న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో దాదాపు 1,200 మంది గాయకులు, వాద్యకారులతో అది వినిపించింది. 1926 దాకా ఏటా జరిగింది. తర్వాత ఆపేశారు. మళ్లీ దాన్ని అదే హాల్లో పూర్తిగా వినిపించింది 2007లో! మధ్యలో 81 ఏళ్లు. రెక్వియమ్ ఆగిపోయాక ఆయన పారిస్ వెళ్లి, మూకీ సినిమాలకి పియానో వాయించి పొట్ట పోసుకున్నాడు. మనం మాట్లాడుకునే పియానో ముక్కలు ఈ కాలానివే. 1920లలో రాసినవి 1928లో అచ్చయ్యాయి.

ఇప్పుడు మన సబ్జెక్ట్: 72

మేళకర్త పట్టిక గురించి వినని సీఎస్ వాళ్లకి ఒక మాట. మీరు చూసిన డేటా స్ట్రక్చర్లలో ఇంత శుభ్రమైనది అరుదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో వేసిన లెక్క ఇది.

స, ప ఎప్పుడూ మారవు. మధ్యమం రెండు రకాలు: శుద్ధ, ప్రతి. రిషభ గాంధారాలు కలిసి ఆరు జతలు. ధైవత నిషాదాలు కలిసి ఇంకో ఆరు జతలు. 2 × 6 × 6 = 72. అంతే. ఒక్క మేళం కూడా ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఇంకా బాగున్న విషయం, నంబర్ తెలిస్తే స్వరాలు తెలిసిపోతాయి. సరళీ వరసలు పాడే మాయామాళవగౌళ 15వది. 15 లోంచి 1 తీసేస్తే 14. 36 కంటే తక్కువ కాబట్టి శుద్ధ మధ్యమం. 14ని 6తో భాగిస్తే భాగఫలం 2, శేషం 2. భాగఫలం రి-గ జత చెబుతుంది, శేషం ధ-ని జత చెబుతుంది. మనం సున్నా నుంచి లెక్కపెట్టే బాపతు కదా. సున్నా అంటే శుద్ధ రి, శుద్ధ గ. ఒకటి అంటే శుద్ధ రి, సాధారణ గ. రెండు అంటే శుద్ధ రి, అంతర గ. ధ-ని కూడా ఇదే వరసలో: శుద్ధ ధ, కాకలి ని. మాయామాళవగౌళ వచ్చేసింది! నెస్టెడ్ లూప్ మూడు వందల ఏళ్ల క్రితమే రాసి పెట్టారన్నమాట.

ఆ నంబర్ కూడా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తర్వాతి కాలంలో స్థిరపడిన పేర్లలోనే దాన్ని దాచేశారు. కటపయాది సూత్రం ప్రకారం 'మా' అంటే 5, 'యా' అంటే 1. తిరగేస్తే 15. 'ధీర' శంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29. 'మేచ' కల్యాణిలో మ 5, చ 6, తిరగేస్తే 65. ఆ ధీర, ఆ మేచ ముందు ఎందుకు తగిలించారో నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఇండెక్స్ కుదరడానికట! ఎనిమిదేళ్లు సంగీతం క్లాసుకి వెళ్లిన మా అక్కని అడిగితే "అది కూడా తెలీదా" అంది. సరే.

వెస్టర్న్ సంగీతం దగ్గర ఆ కాలానికి ఎన్ని వరసలున్నాయి? రోజువారీ వాడకంలో ముఖ్యంగా రెండే, మేజర్, మైనర్. మేజర్ స్వరాలు మన శంకరాభరణానివే. వీటికి తోడు పాత చర్చి మోడ్లు కొన్ని ఉన్నాయి. డోరియన్ స్వరాలు ఖరహరప్రియవి, ఫ్రిజియన్‌వి తోడివి, లిడియన్‌వి కల్యాణివి, మిక్సోలిడియన్‌వి హరికాంభోజివి. ఫౌల్డ్స్ కాలంలో కొంతమంది ఇంగ్లిష్ స్వరకర్తలు జానపద పాటల్లోంచి ఈ మోడ్లని మళ్లీ తవ్వి తీశారు. వాళ్లు నాలుగైదు గదులున్న ఇంట్లో తిరుగుతుంటే, ఫౌల్డ్స్‌కి 72 గదుల ఇంటి తాళంచెవి దొరికింది.

తాళంచెవి దొరికితే చాలదు

ఇక్కడే అసలు సమస్య. ఫౌల్డ్స్ తనకు తాను ఒక నియమం పెట్టుకున్నాడు. ఒక ముక్కకి ఒక మోడ్ ఎంచుకుంటే, మొదటి నుంచి చివరి దాకా ఆ ఏడు స్వరాలే. బయటి స్వరం ఒక్కటి కూడా రాకూడదు. రాగం పాడేవాళ్లకి ఇది మామూలు విషయం. పియానోకి రాసేవాళ్లకి మాత్రం కాళ్లు కట్టేసి పరిగెత్తమన్నట్టే.

ఎందుకో చెబుతాను. వెస్టర్న్ సంగీతంలో ఒకేసారి మూడు నాలుగు స్వరాలు మోగుతాయి, వాటిని కార్డ్ అంటారు. తయారీ సులువు: వరసలో ఒకటి తీసుకో, ఒకటి వదిలెయ్. స-గ-ప ఒక కార్డ్. ప-ని-రి ఇంకో కార్డ్. పాట ముగిసేటప్పుడు ప-ని-రి నుంచి స-గ-ప కి వస్తే చెవికి "ఇల్లు చేరాం" అనిపిస్తుంది. వందల ఏళ్లుగా వాళ్ల పాటలు ఎక్కువగా ఆ దారినే ఇంటికొచ్చాయి.

ఇప్పుడు మాయామాళవగౌళ స్వరాలతో ఇదే చేసి చూడండి. స-గ-ప బాగానే ఉంటుంది. ప-ని-రి దగ్గర దెబ్బ పడుతుంది. పంచమానికి కావలసింది చతుశ్రుతి రిషభం, ఇక్కడున్నది శుద్ధ రిషభం. ఒక మెట్టు కింద. కార్డ్ గరుకుగా మోగుతుంది. అలవాటైన దారి మూసుకుపోయింది. కానీ చూస్తే పక్కన కొత్త దారి ఉంది. రి-మ-ధ కలిపి వాయిస్తే చక్కని మేజర్ కార్డ్, స-గ-ప కి సరిగ్గా ఒక మెట్టు పైన. అక్కడి నుంచి ఒక్క అడుగు జారితే ఇల్లే. మా హాస్టల్ కామన్ రూమ్‌లో ఉన్న కీబోర్డ్ మీద నేనిది వాయించి చూశాను. క్యారమ్స్ ఆడుతున్నవాళ్లు తలెత్తి చూశారు. మెచ్చుకునో, విసుక్కునో తెలియలేదు.

ఇది నేను ఎంచుకున్న ఉదాహరణ మాత్రమే. ఇంతకంటే కష్టమైనవి పట్టికలో చాలా ఉన్నాయి. 72లో 40 వివాది మేళాలు, అంటే స్వరాలు పక్కపక్కనే ఇరుక్కుని కూర్చునేవి. ప్రతి మేళానికీ ఇంటిదారి వేరు. ఏ పుస్తకంలోనూ రాసిలేదు. మేళం మారితే మొత్తం వ్యాకరణం మళ్లీ కనిపెట్టుకోవాలి. ఆ ముక్కలకి 'ఎస్సేస్' అని పేరు పెట్టడం నాకు అందుకే నచ్చింది. నిజంగానే అవి ప్రయత్నాలు. ఎక్సాటిక్, ఇంజెన్యువస్, ఇంట్రోవర్సివ్, మిలిటరీ, స్ట్రోఫిక్, ప్రిజ్మిక్ అని ఒక్కోదానికి ఒక్కో స్వభావం పేరు పెట్టాడు. ఒక్కోటి కొద్ది నిమిషాలే. వింటుంటే "ఇదేదో తూర్పుదేశపు సరుకు" అని గంటలు, గజ్జెలు తగిలించినట్టు ఉండదు. పాము బుట్ట సంగీతం అసలే కాదు. ఒక లెక్కని నిజాయితీగా చివరిదాకా చేసినట్టుంటుంది.

అమ్మమ్మ తీర్పు

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. కళ్లు మూసుకుని ఒక ముక్క మొత్తం విన్నది. తీసి నా చేతిలో పెట్టి, "స్వరాలున్నాయి గానీ రాగం లేదమ్మా" అంది.

నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. ఇంత లెక్క, ఇంత నియమం, ఇంకేం కావాలి అన్నాను. అమ్మమ్మ తోడిలో గాంధారం పాడింది. ఒక్క స్వరమే. కానీ అది ఒక్కచోట నిలబడలేదు, కిందికీ పైకీ ఊగుతూనే ఉంది. "దీన్ని నీ పియానోలో ఏ మెట్టు మీద నొక్కుతావు?" అంది.

జవాబు లేదు. ఆ స్వరం ఒక మెట్టు కాదు, మెట్ల మధ్య ప్రయాణం. పియానోలో 88 మెట్లున్నాయి, మధ్యలో ఖాళీ మాత్రం లేదు. గమకం ఉండేది ఆ ఖాళీలోనే. మేళకర్త పట్టిక రాగాల చిరునామా పుస్తకం, రాగాలు కాదు. ఒకే మేళంలో పుట్టిన జన్యరాగాలు ఎన్నో ఉంటాయి. ఏది ఏదో చెప్పేది స్వరాల జాబితా కాదు, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలి, ఎలా ఊగాలి, ఎక్కడ వంగాలి అన్నదే.

మరి ఫౌల్డ్స్ మన సంగీతాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నాడా? నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత చదివింది వింటే మీరూ నవ్వుతారు.

హార్మోనియం గొడవ

1935లో ఫౌల్డ్స్ కుటుంబంతో సహా భారతదేశం వచ్చేశాడు. 1937లో ఢిల్లీ ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతి అయ్యాడు. మన వాద్యకారులకి వెస్టర్న్ నొటేషన్ చదవడం నేర్పి, మన వాయిద్యాలతోనే ఒక ఆర్కెస్ట్రా తయారు చేశాడు. ఆ సమయంలోనే, 1938లో, రేడియో వాళ్ల పత్రిక 'ది ఇండియన్ లిజనర్'లో ఒక వ్యాసం రాశాడు. దేనిమీదో తెలుసా? హార్మోనియం మీద, ఎద్దేవా చేస్తూ. స్థిరమైన మెట్లున్న ఆ పెట్టె భారతీయ సంగీతానికి పనికిరాదన్నది ఆయన వాదన.

ఇలా అన్నది ఆయనొక్కడే కాదు, చాలామంది మనవాళ్లూ అదే మాట అన్నారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు.

అంటే మా అమ్మమ్మ నాతో అన్న మాటే ఆయన ఎనభై ఏళ్లకి ముందే అచ్చులో అన్నాడు! మరి హార్మోనియానికి ఉన్న జబ్బే పియానోకీ ఉంది కదా? ఉంది. పన్నెండు మెట్లు, మధ్యలో ఏమీ లేదు. అది ఆయనకి తెలియదా? కచ్చితంగా తెలుసు. కుర్రతనంలోనే, 1890ల చివర్లో, తీగ వాయిద్యాల రచనలో అర స్వరాన్ని మళ్లీ సగం చేసి వాడిన మనిషి. పియానోకీ ఆర్కెస్ట్రాకీ రాసిన 'డైనమిక్ ట్రిప్టిక్'లో కూడా ఆ పావు స్వరాలు వాడాడు. కానీ ఎవరికిచ్చాడు? పియానోకి కాదు, వయొలిన్ల బృందానికి. పియానో చేయలేని పని పియానోని అడగలేదు.

నాకు ఇప్పుడు అర్థమైంది ఇది. గాయకుడి పక్కన హార్మోనియం కూర్చున్నప్పుడు, అది రాగం వాయిస్తున్నానని చెప్పుకుంటుంది. ఫౌల్డ్స్ పియానో ఆ మాట అనదు. ఆ ముక్కలకి రాగం అని పేరు పెట్టలేదు, మోడ్ అన్నాడు. మన దగ్గర తీసుకున్నది పట్టిక. దానితో చేసింది పియానో చేయగలిగిన పని, కార్డులు, పొరలు, లయ. మనవాళ్లూ ఇలాంటి పని చేశారు కదా. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ కాలంలో బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశాడు. 'గాడ్ సేవ్ ద కింగ్' వరసకి కూడా. వాటిలో గమకాలు లేవని దీక్షితులకి శంకరాభరణం రాదంటామా?

అమ్మమ్మ మాట నిజమే, రాగం లేదు. అది ఆ ముక్కల్లో తప్పు మాత్రం కాదు.

చివరికి ఏమైంది

1939 ఏప్రిల్‌లో ఫౌల్డ్స్‌ని కలకత్తా రేడియోకి పంపారు. అక్కడికి వెళ్లిన కొద్దిరోజులకే కలరా సోకి చనిపోయాడు. వయసు 58. తూర్పు పడమరల వాయిద్యాలని కలిపి ఇక్కడ రాసిన పెద్ద రచనల్లో చాలా పోయాయి. ఆయన ఆఖరి నాలుగేళ్లు ఏం వినిపించాయో ఇప్పుడు మనం వినలేం. బ్యాకప్ లేని డేటా గురించి మనకి మన సార్లు చెప్పే మాటలన్నీ నాకు గుర్తొచ్చాయి.

ఇంగ్లండ్‌లో మిగిలినవి ఆయన కూతురి దగ్గర ఉండిపోయాయి. 1970లలో మాల్కమ్ మెక్‌డొనాల్డ్ అనే సంగీత విమర్శకుడు పట్టుదలగా వెతుక్కుంటూ వెళ్లి వాటిని బయటికి తెచ్చాడు. పుస్తకం రాశాడు. అప్పటి నుంచే రికార్డింగులు మొదలయ్యాయి. పియానో ముక్కల్ని పీటర్ జేకబ్స్, క్యాథరిన్ స్టాట్ వాయించారు. డైనమిక్ ట్రిప్టిక్‌ని హోవర్డ్ షెల్లీ 1980లలో రికార్డు చేశాడు. ఒక్క మనిషి వెతక్కపోయి ఉంటే నా ప్లేలిస్ట్ ఆ రాత్రి దారి తప్పేది కాదు.

వినాలనుకుంటే నా సలహా. ముందు 'ఏప్రిల్–ఇంగ్లండ్' వినండి, ఎవరికైనా వెంటనే నచ్చే పియానో ముక్క అది. తర్వాత 'గంధర్వ మ్యూజిక్'. పేరు చూసి భయపడకండి. ఆ తర్వాత ఎస్సేస్, ఒక్కోటి రెండేసి సార్లు. మొదటిసారి ఏమీ చేయకుండా వినండి. రెండోసారి కీబోర్డ్ యాప్ తెరిచి, వినిపించే ఏడు స్వరాలు పట్టుకుని, మేళం నంబర్ లెక్కకట్టండి. పైన చెప్పిన భాగాహారాన్ని తిరగేస్తే చాలు. నాకు మొదటిదానికే గంటన్నర పట్టింది, అది కూడా ఒక స్వరం తప్పు. అమ్మమ్మకి ఫోన్ చేసి పాడి వినిపిస్తే దిద్దింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్‌లో నాకు మళ్లీ సరళీ వరసలు మొదలయ్యాయి. ఆరో తరగతిలో మానేసిన చోటు నుంచి కాదు, మొదటి నుంచి. "నీ ఇంగ్లీషాయనకి దణ్ణం పెట్టుకో" అంటుంది అమ్మమ్మ. పెట్టుకుంటున్నాను.